కోడలి కొవ్వు

కత్తి పదును చూడటానికి ఎలిశబెతు సర్విమాను బెరడు మీద ఒక గీత గీసింది. బెరడు విచ్చుకుని లోపలి ఎరుపు బయటపడింది. ఆ పదును చాలు.

అది ఆమె మొగుడు క్రీస్తురాజు గడ్డం గీసుకునే కత్తి. పడవ మీద తన గడ్డం ఎవరు చూడొచ్చారని దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లాడు. ఎలిశబెతు దాన్ని కొంగులో చుట్టుకుని, పాత చీర పీలికలూ, కొబ్బరిపీచు కాల్చిన బూడిదా తీసుకుని పొద్దున్నే ఈ సర్వితోపులోకి వచ్చింది. తోపు దాటితే సముద్రం. ఆ హోరులో కేక పెట్టినా పాలెంలో ఎవరికీ వినిపించదు. ఈ చోటు ఎంచుకున్నది అందుకే.

కోయాల్సింది తన ఒంటినే.

రెండేళ్ల కిందట అది బఠాణీ గింజంత ఉండేది. మర్మస్థానంలో, కుడిపక్క పెదవి చర్మం కింద, వేలికి దొరికీ దొరక్కుండా జారిపోయేది. నొప్పి లేదు, చీము లేదు. ఎవరితో చెబుతుంది? ఊరుకుంది. అది మాత్రం ఊరుకోలేదు. రేగుపండంత అయింది. నిమ్మకాయంత అయింది. నాట్లకు వంగినప్పుడల్లా ఒరుసుకుని పైచర్మం కమిలింది. నడక మారింది. ఆడదాని నడక మారితే ఊరి కళ్లు ఊరుకుంటాయా?

మొదట పసిగట్టింది అత్త రెబెక్కమ్మ.

"కొవ్వు! నా కొడుకు మద్రాసు దాకా పడవ తోలతా నడుం ఇరగ్గొట్టుకుంటాంటే, దీనికి ఈడ కొవ్వెక్కి యాడ్నో అంటించుకోనొచ్చింది!"

ఆవిడ అంతటితో ఆగలేదు. ఇందుకూరుపేటలో సూదులు వేసే సమాధానం దగ్గరికి వెళ్లింది. సమాధానం ఒకప్పుడు ఏదో ఆసుపత్రిలో కాంపౌండరు. అతను ఎలిశబెతును చూడలేదు. చూడాలని అడగనూ లేదు. రెబెక్కమ్మ చెప్పింది సగం విని, తల పంకించి, "సవాయి" అన్నాడు. సుఖరోగానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు అది. కోడల్ని రప్పించి పెన్సిలిన్ సూదులు పొడిచాడు. గడ్డ చెక్కుచెదరలేదు. మాట మాత్రం పాలెమంతా పాకింది. రెబెక్కమ్మ కోడలి కంచం వేరు చేసింది. బిందె ముట్టనివ్వలేదు. చర్చీలో ప్రభు బల్ల దగ్గర రొట్టె అందుకోబోయిన కోడలి చెయ్యి పట్టుకుని, సంఘమంతా చూస్తుండగా వెనక్కి లాగింది.

క్రీస్తురాజు సర్వికట్టెలు వేసుకుని బకింగ్‌హామ్ కాలువ వెంట మద్రాసుకు పోయి వస్తుంటాడు. పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు అతని చెయ్యి ఆ గడ్డకు తగిలింది. నిప్పు తొక్కినవాడిలా లేచాడు.

"ఎవుడిచ్చినాడు మే నీకిది?"

ఆమె ఒట్టు పెట్టింది. బైబిలు తెచ్చి దాని మీద చెయ్యి వేసింది. అతను ఆమె మొహం వైపు చూడలేదు. పడవకు బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి, వాకిట్లోని కోళ్లతో చెబుతున్నట్టు చెప్పాడు.

"నేను తిరిగొచ్చేలోపల అది పోవాల. లేదంటే నువ్వు పోవాల."

పోవడానికి ఎలిశబెతుకు చోటు లేదు. తల్లీ తండ్రీ ఎప్పుడో మట్టిలో కలిశారు. కాబట్టి అదే పోవాలి.

చీర సర్దుకుని మానుకు ఆనుకుంది. పీలికలు పక్కన పెట్టుకుంది. చేపలు కోసిన చేయి, ఒక్క కోత ఎంత? పళ్ల మధ్య కొంగు కుక్కుకుంది.

"ఎవుర్ని కోస్తావు మే? మీ అత్తనయితే చెప్పు, పీట నేను తెస్తా."

ఎలిశబెతు ఉలిక్కిపడింది. చీపురూ గంపా పట్టుకుని మాలకొండమ్మ నిలబడి ఉంది. పాలెం చివర ఇంటి మజ్జిగామె. మొగుడు పోయి ఒంటరిగా బతుకుతోంది. రాలిన సర్వాకు పొయ్యిలోకి ఊడ్చుకుపోవడానికి వచ్చింది. నవ్వుతూ అన్న మనిషి కాస్తా పీలికలు చూసింది, బూడిద చూసింది, పిల్ల మొహం చూసింది. గంప కింద పడేసింది.

"కత్తి ఇట్టా తే."

"పో అక్కా. నన్నొదిలెయ్."

"తే అంటాంటే!"

మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. కత్తి ఇసకలో పడింది. దాన్ని కాలితో తొక్కిపట్టి, ఎలిశబెతు ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుంది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. అంతా విని మాలకొండమ్మ కత్తి తీసి తన గంపలో వేసుకుంది.

"మా మేనమామ నరసయ్యకి గజ్జల్లో ఇట్నే ఉబ్బింది," అంది. "గడ్డ అనుకోని మంగలి చేత చీరించుకున్నాడు. లోపల ఉండింది గడ్డ కాదు మే, పేగు. పాడె కట్టినాం. నీ లోపల ఏముండాదో నీకు తెలుసునా?"

"తెలీదు."

"మీ అత్తకి తెలుసునా? ఆ సూదుల సమాధానానికి తెలుసునా? ఒక్కరన్నా చూసినారా?"

"చూడటానికి అదేమన్నా మొహమా అక్కా?"

"లెయ్. నెల్లూళ్లో ఆడోళ్ల ఆసుపత్రి ఉండాది. డాక్టరమ్మ చూస్తాది."

"చూపించాల్నా? నా వల్ల కాదు."

"కత్తికి చూపించబోయినావు గదా, డాక్టరమ్మకి చూపిస్తే అరిగిపోతావా? లెయ్ ముందు."

పాలెం నుంచి వెళ్లి ఇందుకూరుపేటలో నెల్లూరు బస్సు అందుకోవాలంటే మధ్యలో కాలువ దాటాలి. కాలువకు అడ్డంగా రెండు గట్లకూ కట్టిన తాడు పట్టుకుని లాగుతూ గంగులయ్య బల్లకట్టు నడుపుతాడు. సరుకుపడవ వస్తే తాడు వదులు చేసి నీళ్లలోకి దించాలి. పడవ దాటిపోయాకే మళ్లీ బిగించాలి. అది అక్కడి కట్టుబాటు.

బల్లకట్టు సగం దాటింది. గంగులయ్య కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దక్షిణం వైపు చూశాడు.

"ఎలిశమ్మా, మీ ఆయన పడవ గదా అది? తెరచాపకి ఎర్ర మాసిక ఉండాది."

ఎలిశబెతు తిరిగి చూసింది. ఆ మాసిక వేసింది తనే, తన పాత రవిక గుడ్డతో. గాలి అందుకుని పడవ నేరుగా వస్తోంది. బల్లకట్టు మీద చతికిలబడింది.

"లాగు గంగులన్నా," అంది మాలకొండమ్మ.

"పడవ వస్తాండాది. ఆగి తాడు దించాల."

"ముందు మమ్మల్ని దించు, తర్వాత తాడు దించుదువు. లాగు!"

"గంగులయ్యా! తాడు దించు!" పడవ మీంచి క్రీస్తురాజు కేక. గెడకర్ర పట్టుకుని ముందు కొసకు వచ్చాడు. అప్పుడు చూశాడు ఎలిశబెతును. "ఏమ్మే! యాడికి?"

మాలకొండమ్మే లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నీ మాట నిలబెట్టడానికే అబ్బయ్యా! అదన్నా పోవాల, ఇదన్నా పోవాలన్నావంట గదా? పోతాండాది!"

"ఆపు గంగులయ్యా! దాన్ని దించొద్దు!"

గంగులయ్య ఒకసారి పడవ వైపు, ఒకసారి ఎలిశబెతు వైపు చూశాడు. ఆ పిల్ల మొహంలో ఏం కనిపించిందో ఏమో, తాడు మీద పడి లాగాడు. బల్లకట్టు గట్టుకు కొట్టుకుంది. పడవ తాడుకు తగలకుండా క్రీస్తురాజు గెడ పాతి ఆపుకునే లోపల ఇద్దరూ గట్టెక్కి రోడ్డు మీద ఉన్నారు. వెనక నీళ్లలోకి దూకిన చప్పుడు వినిపించింది. ఎలిశబెతు పరిగెత్తింది. అడుగడుక్కీ గడ్డ ఒరుసుకుని ప్రాణం తోడేస్తుంటే, పళ్లు బిగించి బస్సెక్కేదాకా పరిగెత్తింది.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు ఆనందకుమారి పొట్టి మనిషి, మాట కరుకు. తెర లాగి ఎలిశబెతును బల్ల మీద పడుకోమంది. బల్ల అనే మాట వినగానే ఎలిశబెతుకు చర్చీ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏమ్మాయ్, ఎవరైనా కొట్టారా నిన్ను? పడుకో. కాళ్లు మడువు. కళ్లు మూసుకుంటావో, గోడమీద బల్లిని చూస్తావో నీ ఇష్టం."

ఎలిశబెతు కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ వేళ్లు చల్లగా తగిలాయి. గడ్డను అటూ ఇటూ కదిపాయి, చర్మాన్ని చిటికెతో పట్టి చూశాయి, చుట్టూ తడిమాయి, గజ్జల్లో నొక్కాయి.

"పడుకుంటే లోపలికి పోతుందా ఇది? బరువెత్తితే పెద్దదవుతుందా?"

"లేదమ్మా. ఎప్పుడూ ఒకేమాదిరి ఉంటాది."

"దగ్గు."

ఎలిశబెతు సన్నగా దగ్గింది.

"పెళ్లివారి ముందు దగ్గినట్టు కాదు. చుట్ట తాగే ముసలాయన దగ్గినట్టు దగ్గు."

దగ్గింది. మళ్లీ దగ్గించింది. గడ్డ మీద పెట్టిన వేలు కదల్లేదు. "పేగు అయితే దగ్గినప్పుడు వేలిని తంతుంది. ఇది తన్నలేదు," అంది డాక్టరమ్మ. తెర అవతల మాలకొండమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత డాక్టరమ్మ దీపం దగ్గరకు జరిపి కమిలిన చోట పరీక్షగా చూసింది.

"ఇంతకుముందు ఎవరు చూశారు?"

"ఎవురూ లేదమ్మా."

"మరి ఏమని మందు తిన్నావు?"

"సూదులేసినారు. సవాయి అన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ."

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఆ నీళ్ల చప్పుడు ఎలిశబెతుకు కాలువ హోరెత్తినట్టు వినిపించింది. ఇప్పుడు చెబుతుంది. చెప్పేస్తుంది. రాచపుండు అంటుందా? సవాయే అంటుందా?

"ఏందమ్మా అది?"

"కొవ్వు."

ఎలిశబెతు బల్ల మీద లేచి కూర్చుంది. పరాయి ఊళ్లో, తెల్లకోటు వేసుకున్న చదువుకున్నావిడ నోట కూడా అదే మాట.

"మీరు కూడా తిడతారా అమ్మా నన్ను?" అంది.

"తిట్టడమేమిటి? కొవ్వు గడ్డ. చర్మం కింద కొవ్వు ఒక చోట ముద్దకట్టింది. కొందరికి వీపు మీద వస్తుంది, కొందరికి మెడ మీద. నీకు ఇక్కడ వచ్చింది. పైన కమిలింది ఒరిపిడికి. తప్పు చేస్తే వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. రేపు పొద్దున మత్తు సూదివేసి తీసేస్తాను."

ఎలిశబెతుకు నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలో విరిగి ఏడుపయింది. తెర అవతలి నుంచి మాలకొండమ్మ, "మీ అత్త ఇన్నాళ్లకి ఒక్క నిజం చెప్పింది మే!" అంది.

వరండాలో గొడవ వినిపించింది. మగవాళ్లు రాకూడదని ఆయా అరుస్తోంది. తర్వాతి బస్సులో వెతుక్కుంటూ వచ్చిన క్రీస్తురాజు, తడి ఆరని పంచెతో, బురద కాళ్లతో తోసుకుని వచ్చాడు. డాక్టరమ్మ తెర బయట అతనికి ఎదురుగా నిలబడింది.

"నువ్వేనా మొగుడివి?"

"నా పెళ్లాన్ని ఇంటికి తోలుకపోతా. పక్కకు జరగండి."

"దేనికి తోలుకుపోతావు?"

"దానికి సవాయి ఉండాది."

"లేదు. అది కొవ్వు గడ్డ. ఎవరి దగ్గర నుంచీ రాదు, ఎవరికీ పోదు."

క్రీస్తురాజు అంత ఎత్తు మనిషీ గోడకు జారగిలబడ్డాడు. మొహంలో బిగువంతా ఒక్కసారిగా సడలింది. పెద్ద గండం గడిచినవాడిలా పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. ఆ తేలికదనంలో మాట జారింది.

"అయితే... నా కాడ్నుంచి రాలేదా దానికి?"

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటున్న తువ్వాలు అక్కడే ఆగిపోయింది. తాను ఏమన్నాడో క్రీస్తురాజుకు అప్పుడు చెవినపడింది.

తెర పక్కకు జరిగింది. ఎలిశబెతు చీర పట్టుకుని నిలబడి ఉంది. ఎవుడిచ్చినాడు అని అడిగిన రోజు అతను మొహం ఎందుకు తిప్పుకున్నాడో తెలిసింది. సమాధానం కనీసం చూడకుండానే సవాయి అని ఎందుకు తేల్చాడో కూడా తెలిసింది. చుట్టుపక్కల సూదులు వేసేది అతనొక్కడే; మొగుడికి వేసినవాడు పెళ్లానికి ఇంకేం పేరు పెడతాడు?

"ఎన్ని సూదులు వేయించుకున్నావు?" డాక్టరమ్మ గొంతు మారింది.

"సమాధానం చెప్పినన్ని లేదమ్మా. కొన్ని ఏయించుకున్నా. పుండు మానింది. పడవ ఎత్తాలని..."

"మద్రాసులోనా అంటించుకున్నావు?"

అతను తల వంచుకున్నాడు.

"ఇద్దరి రక్తమూ చూడాలి," అంది డాక్టరమ్మ. ఎలిశబెతు చెయ్యి ఆవిడే చాపించి, సూది ఆవిడే గుచ్చింది. ఎర్రగా గాజుగొట్టంలోకి ఎక్కుతున్న తన రక్తాన్ని ఎలిశబెతు రెప్ప వేయకుండా చూసింది. ఇప్పటిదాకా నిమ్మకాయంత ఉన్నదానికి భయపడింది. అది వేలికి దొరికేది. రక్తంలో ఉన్నది ఎవరి వేలికీ దొరకదు. పొద్దున సర్వితోపులో కత్తి పట్టుకున్నప్పుడు కూడా ఇంత భయం లేదు. ఇప్పుడు కోసుకోవడానికి చోటు కూడా లేదు.

మర్నాడు గడ్డ తీశారు. సూది వేసిన చోట మొద్దుబారింది గానీ మనిషికి తెలివి ఉంది. చర్మం మీద ఒక గాటు, వేలితో ఒక దోపు, తాటికాయలోంచి ముంజె వచ్చినట్టు గుండ్రంగా ఊడి వచ్చింది. కుట్లు వేశాక డాక్టరమ్మ పళ్లెం తెచ్చి చూపించింది. కోడిని కోస్తే కడుపులో కనిపించే కొవ్వు లాగే ఉంది, పసుపుపచ్చగా, మెరుస్తూ.

"దీనికా మే ఇంత రచ్చ!" అంది మాలకొండమ్మ. "చట్టిలో ఏస్తే కరిగిపోయేదానికి!"

ఎలిశబెతు నవ్వలేదు. "రక్తం ఏమైందమ్మా?" అని అడిగింది. ఆ రోజూ అడిగింది, మర్నాడూ అడిగింది. అన్నం ముందు పెడితే మెతుకు దిగలేదు. క్రీస్తురాజు ఆసుపత్రి గేటు బయట చింతచెట్టు కింద పడి ఉన్నాడు. కూజాతో నీళ్లు పంపితే ఆమె తాగలేదు. వరండా అవతల పారబొయ్యమంది.

కుట్లు విప్పే పొద్దున డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది.

"అమ్మాయ్, నీ రక్తం శుభ్రంగా ఉంది. కొన్ని నెలలాగి ఇంకోసారి చూస్తాను, అయినా భయం లేదు." తర్వాత క్రీస్తురాజు వైపు తిరిగింది. "నీది లేదు. పుండు మానింది, జబ్బు మానలేదు. మొత్తం సూదులు ఇక్కడే, నా కళ్ల ముందు వేయించుకోవాలి. అది తగ్గిందని నేను చెప్పేదాకా ఈ పిల్ల పక్కకు రాకూడదు."

ఎలిశబెతు పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. క్రీస్తురాజు ఆమె ముందు కూలబడి ఏడ్చాడు.

"ఏం చెయ్యమంటే అది చేస్తా ఎలిశా. ఇంటికి రా."

అతను గుమ్మంలో అన్న మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. అది పోవాల, లేదంటే నువ్వు పోవాల. అనేయొచ్చు. కానీ ఆ మాట ఎంత బరువో మోసిన మనిషి ఆమె. మింగేసింది.

"మీ అమ్మకి చెప్పాల," అంది. "నాకుండింది కొవ్వు అని, నీకుండేది సవాయి అని. ఇంట్లో గుసగుసగా కాదు. నా కంచం యాడ వేరు చేసినారో, నా చెయ్యి యాడ లాగినారో, ఆ జనం వినేటట్టు చెప్పాల."

"మా అమ్మ చచ్చిపోతాది మే."

"నేను చావలేదా?"

బల్లకట్టు మళ్లీ కాలువ మధ్యలో ఉంది. గంగులయ్య నిదానంగా లాగుతున్నాడు. అవతలి గట్టు మీద నాట్లకు పోయే ఆడవాళ్లు, చేపల తట్టలవాళ్లు పడిగాపులు కాస్తున్నారు. అందరికంటే ముందు రెబెక్కమ్మ. కొడుకును, కోడల్ని ఒకే బల్లకట్టు మీద చూసి ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. గట్టు దగ్గర పడకముందే గొంతెత్తింది.

"పోయిందా మే కొవ్వు?"

తట్టల వాళ్లు కిసుక్కున నవ్వారు.

"పోయిందత్తా," అంది ఎలిశబెతు, అంతే గట్టిగా. "కోసి తీసినారు. ఈ కళ్లతోనే చూసినా. ఇంక నీ కొడుకు సంగతి నీ కొడుకు చెప్తాడు."

బల్లకట్టు గట్టుకు తగిలింది. మాలకొండమ్మ దిగింది. ఎలిశబెతు దిగలేదు. బల్లకట్టు అంచు మీద కూర్చుని, కొంగు కప్పుకుని, మొగుడి వైపు చూసింది. క్రీస్తురాజు నీళ్ల వైపు చూస్తున్నాడు.

"ఏందిరా? ఏం సంగతి?" రెబెక్కమ్మ గొంతులో మొదటిసారి తడబాటు.

ఉత్తరం వైపు నుంచి కేక వినిపించింది. ఉప్పు పడవ ఒకటి చాపెత్తి వస్తోంది. "గంగులయ్యా! తాడు దించు!"

గంగులయ్య తాడు వదల్లేదు. "దిగండమ్మా," అన్నాడు మెల్లగా.

"ఆయన చెప్పిందాకా నేను దిగను గంగులన్నా. దిగకుంటే మళ్లీ ఆ గట్టుకే తోలుదువు."

"తాడు దించవేందయ్యా! తగుల్తాది!" పడవ దగ్గరవుతోంది.

క్రీస్తురాజు తల్లిని చూశాడు, జనాన్ని చూశాడు. అందరికంటే చివర పెళ్లాన్ని చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

"అమ్మా," అన్నాడు. మళ్లీ అన్నాడు, ఈసారి పడవవాళ్లకు కూడా వినపడేటంతగా. "అమ్మా, దానికేమీ లేదు. సవాయి నాకు. మద్రాసులో నేను తెచ్చుకున్నా."

రెబెక్కమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విన తట్టలవాళ్లు తట్టలు సర్దుకుంటూ నేల చూశారు.

ఎలిశబెతు లేచింది. కుట్లు విప్పిన చోట ఇంకా సలుపుతోంది. జాగ్రత్తగా ఒక కాలు, తర్వాత ఇంకో కాలు గట్టు మీద పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అత్తను దాటుకుని నడిచింది.

గంగులయ్య తాడు దించాడు.